మందు వాడుచుండగా కన్ను మసకబారిన యెడల



ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్ల నివారణమును గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము కంటిని గూర్చి వ్రాయుచున్నాము. ఇది వ్యవసాయమునకు సంబంధింపని సంగతి యని కొందఱనవచ్చును. కాని ఆకు మీది మచ్చను చూచి తెగులును గుర్తించునది కన్ను. చాలు వంకరపోకుండ అరక తోలించునది కన్ను. తూనికలో మోసము జరుగకుండ కాచునది కన్ను. సంఘమువారికి అప్పు పత్రము మీది వ్రేలిముద్రకంటె ఆ రైతు కంటిచూపే గట్టి జామీనని మా యభిప్రాయము.

ఈ పాఠమునకు కారణమైన యొక సంగతిని ముందుగా చెప్పెదము. సోమశిల ప్రాంతమున కృష్ణ యొడ్డునగల యొక పల్లెలో మేమెఱిగిన రైతొకడు కలడు. ఊరి పేరును, మనిషి పేరును చెప్పుట న్యాయము గాదు. పాలమూరు సీమనుండి జనులు కూలిపనులకై బొంబాయి, పూనా మొదలగు దూరప్రాంతములకు వలసపోవుట మీరెఱిగినదే. ఇతడును అట్లే పోయి, కొన్నేండ్లకు చిక్కి శల్యమై యింటికి వచ్చెను. సర్కారు దవాఖానలో రక్తము పరీక్షించి, హెచ్.ఐ.వి. కలదని తేల్చి, ఏ.ఆర్.టి. మాత్రల నిచ్చిరి. మూడు మాసములలో మనిషి తేరుకొనెను. ఆకలి పుట్టెను, కండ పట్టెను, పల్లిచేనిలో కలుపు తీయుటకు తానే దిగెను.

అంతలో అతని యెడమకంటి ముందు దోమలు ముసరినట్లు నల్లని నలుసులు కన్పింపసాగెను. పిమ్మట పొగమంచు క్రమ్మినట్లయ్యెను. ఇరుగుపొరుగువారు "మందు వేడిచేసినది, మానుము" అనిరి. అతడు మానెను. నలుబది దినములు గడచినను కన్ను బాగుపడలేదు. పైగా మునుపటి జ్వరమును, విరేచనములును మరలివచ్చెను. అప్పుడతడు మమ్ము అడిగిన మాట యిప్పటికిని మా చెవిలో నున్నది: "మందు మింగితే కన్ను పోవట్టె, మానితే పానం పోవట్టె. ఏం జెయ్యమంటరు సారూ?"

ఆనాడు మాకు సరియైన యుత్తరము తెలియదు. పట్నములోని కంటి దవాఖానకు పొమ్మని మాత్రము చెప్పితిమి. అక్కడి వైద్యులు మాత్రలను మరల ప్రారంభింపజేసి, కంటికి వేఱుగా చికిత్స చేసిరి. కుడికన్ను నిలిచినది. ఎడమకంటిలో సగము చూపే మిగిలినది. నలుబది దినములు ముందు వచ్చియుండినచో ఇంకను కొంత దక్కియుండెడిదని వారు చెప్పిరట. ఆ పిమ్మట మేము వైద్యులనడిగియు, చదివియు తెలిసికొన్నదానిని ఇచ్చట మీకు విన్నవించుచున్నాము. అతని ప్రశ్నకు ఇదియే మా యుత్తరము.

కంటి నిర్మాణము

కన్ను మూడు పొరలుగల గోళము. వెలుపలిది గట్టిపొర, దాని తెల్లని భాగమే మనము తెల్లగ్రుడ్డు అనునది. ముందువైపున నది అద్దమువలె స్వచ్ఛముగా నుండి వెలుతురును లోనికి పంపును. నడిమి పొర నిండ రక్తనాళము లుండును. దానిని వైద్యులు యువియా యందురు. లాటిను భాషలో ద్రాక్షపండునకుగల పేరునుండి ఈ మాట వచ్చినది. కనుపాప చుట్టునుగల నల్లని లేక గోధుమరంగు వలయము ఈ పొరలోని భాగమే. లోపలి పొర రెటీనా. వెలుతురు పడి బొమ్మ యేర్పడు తెర యిదియే. గోళము నడుమనున్న చోటు గాజువంటి స్వచ్ఛమైన జిగురుతో నిండియుండును.

నడిమి పొరకు వాపు వచ్చుటను యువైటిస్ అందురు. వాపు ముందుభాగమున నున్నచో కన్ను ఎఱ్ఱబడును, నొప్పి పుట్టును, వెలుతురు చూడలేము. వెనుకభాగమున నున్నచో ఎఱుపుగాని నొప్పిగాని లేకయే చూపు మసకబారును, నలుసులు తేలును. ఈ రెండవ రకమే రైతును మోసగించునది. నొప్పి లేదు గదా యని అతడు ఊరకుండును. కండ్లకలక వేఱు, ఇది వేఱు. కండ్లకలక ఒకరినుండి యొకరికి అంటును, పుసులు కట్టును, సాధారణముగా కొలదిదినములలో పోవును. యువైటిస్ అట్లు ఊరంతయు ప్రాకునది కాదు. ఊరకున్న పోవునదియు కాదు.

కావలి లేని చేను

మందుతో దేహము బాగుపడుచుండగా కన్ను చెడుట యేల? నల్లమల యంచున సాగుచేయు మీకు ఇది సులభముగా బోధపడును.

చేనికి కావలివాడు లేనప్పుడు అడవిపందులు రాత్రి వచ్చి చప్పుడు లేకుండ తిని పోవును. అరుపు లేదు, కుక్కల మొఱుగు లేదు. తెల్లవాఱి చూచినగాని నష్టము తెలియదు. కొన్ని దినములకు కావలివాడు కుక్కలతో వచ్చి పందులను తఱుముననుకొనుడు. ఆ తఱుములాటలో కొంత పైరు త్రొక్కుడు పడును. ఆ త్రొక్కుడు చూచి "కావలివాడు వచ్చినందుననే చేను పాడైనది" అని వానిని వెళ్లగొట్టు రైతు కలడా? కుక్కలను అదుపులో నుంచుమని చెప్పునుగాని కావలిని మాన్పడు.

మన రక్తములో సి.డి.4 అను కణములు కలవు. ఇవి దేహమునకు కావలివారు. ఆరోగ్యవంతునిలో ఘన మిల్లీమీటరు రక్తమునకు ఇవి సాధారణముగా 500 మొదలు 1500 వఱకు నుండును. హెచ్.ఐ.వి. వీనిని కొంచెము కొంచెముగా నశింపజేయును. లెక్క 50 కంటె తగ్గినప్పుడు సైటోమెగలో వైరసు అను మఱియొక సూక్ష్మజీవి కన్నులోని తెరను తినసాగును. ఈ వైరసు మనలో చాలమంది దేహములలో హాని చేయక పడియుండునదే. కావలి పోయినప్పుడు మాత్రము అది లేచును. అప్పటి నష్టము పందులు చేసిన నష్టమువలె నిశ్శబ్దముగా జరుగును. పోరాడుటకు కణములు లేవు గనుక వాపు స్వల్పము, నొప్పి లేదు.

ఏ.ఆర్.టి. మాత్రలు మ్రింగగా హెచ్.ఐ.వి. అణగును. సి.డి.4 కణములు మరల పెరుగును. అవి కంటిలోనికి వచ్చి, అక్కడ దాగిన వైరసును, దాని యవశేషములను చూచి పైబడును. ఆ పోరాటమే వాపుగా కన్పించును. జిగురు కలతబడును, తెర నడుమ నీరు చేరి ఉబ్బును, ఒక్కొక్కప్పుడు తెరపై పొర కట్టును, శుక్లము కూడ రావచ్చును. మందు ప్రారంభించిన కొలదివారములకే యిది రావచ్చును, కొన్ని మాసములకును రావచ్చును, ఇంకను ఆలస్యముగ కూడ రావచ్చును. తెరలో ఎక్కువ భాగము ముందే చెడియున్నవారికి భయమెక్కువ.

కావున ఇచ్చట కంటివాపు మందు విషమైనదనుటకు గుర్తు గాదు. దేహమునకు బలము తిరిగివచ్చినదనుటకు గుర్తు. అయినను ఆ బలము అదుపు లేక కంటిని చెఱచగలదు. మాత్రలను మానరాదు, కంటికి చికిత్స ఆలస్యము చేయరాదు. ఈ రెండు మాటలును కలిపి జ్ఞాపకముంచుకొనవలెను. ఒకటి విడిచి యొకటి పట్టుకొన్నచో నష్టమే.

ఈ సంగతి యెట్లు తెలిసినది

హెచ్.ఐ.వి.కి రెండుమూడు మందులను కలిపి యిచ్చు పద్ధతి 1996 ప్రాంతమున పాశ్చాత్యదేశములలో వాడుకలోనికి వచ్చెను. అంతకుముందు కంటికి ఈ వైరసు పట్టినవారు చూపు పోగొట్టుకొనుటయు, కొలదికాలములో మరణించుటయు సాధారణము. క్రొత్త పద్ధతితో మనుష్యులు బ్రతుకసాగిరి. అప్పుడే, కంటిజబ్బు అణగినవారిలో కొందఱికి మునుపెన్నడు చూడని వాపు వచ్చుటను అమెరికాలోని నేత్రవైద్యులు గమనించి 1998లో ప్రకటించిరి. రోగనిరోధకబలము తిరిగివచ్చునపుడు కలుగునది గనుక దానికి ఆ యర్థమునిచ్చు పేరే పెట్టిరి.

ఆ దినములలో ఈ మందులు మనబోంట్లకు అందునవి కావు. ఒక మనిషికి సంవత్సరమునకు పదివేల డాలర్లకు పైగా ఖర్చగుచుండెను. 2001లో సిప్లా యను భారతీయ కంపెనీ సంవత్సరమునకు 350 డాలర్లకే యిత్తునని ప్రకటించుటతో లోకమంతట ధరలు పడిపోయెను. హైదరాబాదులోని హెటిరో, అరబిందో కంపెనీలును ఈ మందులను తయారుచేసి దేశదేశములకు పంపుచున్నవి. 2004 ఏప్రిలు 1వ తేదీనుండి భారత ప్రభుత్వము ఈ మాత్రలను ఉచితముగా నిచ్చుట ప్రారంభించెను. రోగము ఎక్కువగానున్న ఆఱు రాష్ట్రములలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి గనుక మొదటి విడతలోనే మనకది లభించెను. 2017నుండి సి.డి.4 లెక్క ఎంతయున్నను, హెచ్.ఐ.వి. కలదని తేలిన ప్రతివానికి మందు ప్రారంభింపవలెనను నియమము వచ్చినది.

ఈ చివరి నియమము కంటికి కూడ గొప్ప మేలు. కావలివారు తగినంతమంది యుండగానే మందు మొదలుపెట్టినచో వైరసు కంటిలో ప్రవేశించుటయే అరుదు. ఇక పోరాటము, వాపు ఎక్కడివి? మంచమెక్కినదాక పరీక్షకు పోనివారికే ఈ యాపద యెక్కువ. పైరు ఎండినపిమ్మట నీరు పెట్టువానికిని, వాడు పట్టినప్పుడే పెట్టువానికిని గల భేదమే యిది.

మందే నేరుగా కంటికి హాని చేయు సందర్భములు

పై మాట విని, ఏ మందును కంటికి చెఱుపు చేయదని మీరు తలంపరాదు. మందే కారణమగు సందర్భములును కొన్ని కలవు. వీనిని వేఱుగా తెలిసికొనవలెను.

మొదటిది సిడోఫోవిర్. కంటిలోని సైటోమెగలో వైరసును చంపుటకై యిది 1996లో అమెరికాలో అనుమతింపబడినది. ఇది నరములోనికి ఎక్కించు మందు. వైరసు నణచెనుగాని, కొందఱికి కనుపాప వలయమునకు వాపు తెచ్చెను. కంటిలో నీటిని ఊరించు భాగమును దెబ్బతీసి, గోళములోని ఒత్తిడిని మితిమీఱ తగ్గించెను. గాలి తగ్గిన బండిచక్రమువలె కన్ను మెత్తబడుట మంచిది కాదు. కావున ఇది వాడువారిని వైద్యులు తఱచుగా పరీక్షింతురు. ఈ వైరసుకు సామాన్యముగా గాన్‌సిక్లోవిర్, దాని జాతి మాత్రలు వాడుదురు.

రెండవది రిఫాబుటిన్. ఇది వైరసు మందు గాదు, క్షయజాతి సూక్ష్మజీవులకిచ్చునది. హెచ్.ఐ.వి.తోపాటు క్షయయునున్న కొందఱికి దీని నిత్తురు. కొన్ని యితర మందులతో కలిసినప్పుడు ఇది రక్తములో నెక్కువై, కంటిని హఠాత్తుగా ఎఱ్ఱబఱచి నొప్పి పుట్టించును. వైద్యులు మోతాదు తగ్గించుటయో, మార్చుటయో చేయుదురు, చాలవఱకు నెమ్మదించును.

మూడవది అత్యవసరమైనది. నెవిరపిన్ అను హెచ్.ఐ.వి. మందును 2004 తరువాత చాలకాలము మన దేశమున మొదటి వరుసలో నిచ్చిరి. తరువాత దానికి మాఱుగ వేఱు మందులు వచ్చినవి. హెచ్.ఐ.వి. వారికి తోడుగా నిచ్చు సల్ఫాజాతి మాత్రయు కలదు. ఇట్టి మందులు నూటికి మిక్కిలి కొలదిమందికి ఒడలు పడకపోవచ్చును. అప్పుడు జ్వరము వచ్చును, ఒంటిమీద ఎఱ్ఱని దద్దులును బొబ్బలును లేచును, నోరు పూయును, కండ్లు ఎఱ్ఱబడి అంటుకొనిపోవును. ఇది ప్రాణాపాయము. కంటి పైపొరలు అతికిపోయి శాశ్వతముగా చూపు చెడవచ్చును. ఈ చిహ్నములు కలిసి కన్పించినచో మఱునాటికి ఆగక ఆ ప్రొద్దే పెద్ద దవాఖానకు పోవలెను. తరువాతి మోతాదును మ్రింగుటకు ముందే వైద్యునకు చూపవలెను. మందును వెంటనే ఆపవలసిన సందర్భము ఇట్టిదే. దానిని మార్చి వేఱొకటి యిత్తురు.

నాలుగవది ఇథాంబ్యుటాల్. క్షయకిచ్చు నాలుగు మందులలో నిది యొకటి. ఇది వాపు గాదు. కంటి నరమునకు బలహీనత తెచ్చును. చూపు మందగించుటయు, ఎఱుపు పచ్చరంగుల భేదము తెలియకపోవుటయు దీని గుర్తులు. మిరపపండ్లను కాయలనుండి ఏఱుటలో తడబడినచో క్షయ మందు వాడువారు వెంటనే వైద్యునకు చెప్పవలెను.

సర్పిని గూర్చి యొక మాట

ఏ.ఆర్.టి. ప్రారంభించిన తొలిమాసములలో కొందఱికి సర్పి లేచును. ఇదియు పూర్వము దేహములో దాగియున్న వైరసే; చిన్ననాటి ఆటలమ్మనుండి మిగిలినది. నుదుటి మీద, కనుఱెప్ప మీద, ముక్కుకొన మీద బొబ్బలు లేచినచో కంటిలోనికి దిగు భయము కలదు. ఎసైక్లోవిర్ జాతి మందును మూడు దినములలోపల ప్రారంభించుట మేలు. పూతలు పూయుచు, మంత్రము వేయించుచు వారము గడపినచో, చర్మము మానినను కన్ను మానకపోవచ్చును. హెచ్.ఐ.వి. లేనివారికిని, ముఖ్యముగా వృద్ధులకును ఇది రావచ్చును గనుక అందఱును దీనిని గమనింపవలెను.

ఇంట పరీక్షించుకొను విధము

ఒక కన్ను చెడుచున్నను రెండవకన్ను దానిని కప్పిపుచ్చును. జోడెద్దులలో ఒకటి కుంటినను రెండవది లాగుచుండినచో బండి నడచినట్లే యుండును. కావున వారమున కొకసారి ఒక కన్ను అరచేతితో మూసికొని, రెండవకంటితో గోడమీది క్యాలెండరు అంకెలను చూడవలెను. తరువాత రెండవదానిని మూసి చూడవలెను. పిమ్మట దర్వాజా చట్రమును చూచి, గీతలు తిన్నగా నున్నవో వంకరగా నున్నవో గమనింపవలెను. ఈ క్రింది గుర్తులలో నేదియున్నను కంటివైద్యుని చూడవలెను:

1. క్రొత్తగా నల్లని నలుసులు, దారములు, సాలెగూడు వంటివి తేలుట.
2. కన్నులు మూసినను మెఱుపులు మెఱసినట్లుండుట.
3. చూపులో నొక భాగము చీకటిగానుండుట, లేక తెర దిగినట్లగుట. ఇది లోపలి తెర ఊడుటకు గుర్తు గావచ్చును. ఆ దినమే పోవలెను.
4. పొగమంచు క్రమ్మినట్లు మసక. తిన్నని గీత వంకరగా కన్పడుట.
5. కన్ను ఎఱ్ఱబడి నొప్పి పుట్టుట, వెలుతురు చూడలేకపోవుట.

చేయవలసినవి

హెచ్.ఐ.వి. కలదని తేలి, సి.డి.4 తక్కువగానున్నవారు మాత్రలు మొదలుపెట్టునప్పుడే కంటి తెరను పరీక్ష చేయించుకొనవలెను. కంటిలో వైరసు ముందే కన్పించినచో దేనికి చికిత్స ముందు, దేనికి తరువాత అనునది వైద్యులు నిర్ణయింతురు. ఈ పరీక్షకై కంటిలో చుక్కలు వేసి కనుపాపను పెద్దది చేయుదురు. కొన్ని గంటలు చూపు మసకగానుండును. ఆనాడు స్వయముగా బండి నడుపక, తోడుగా నొకరిని తీసికొనిపోవలెను.

చూపులో మార్పు వచ్చినచో మాత్రలను యథావిధిగా మ్రింగుచునే, ముందుగా మాత్రలిచ్చు కేంద్రమునకు తెలుపవలెను. మహబూబునగరము మొదలగు చోట్ల ఈ కేంద్రములు కలవు. వారు కంటివైద్యునికడకు పంపుదురు. హైదరాబాదులో మెహిదీపట్నమునందలి సరోజినీదేవి కంటి దవాఖాన ప్రభుత్వమువారిది. 1987లో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థయు అచ్చట కలదు. పోవునప్పుడు వాడుచున్న మాత్రల డబ్బాలన్నియు, రక్తపరీక్ష కాగితములును సంచిలో వేసికొని పోవలెను. హెచ్.ఐ.వి. సంగతి కంటివైద్యునకు దాచరాదు. తెగులేదో చెప్పక మందడిగినచో మేమైనను ఏమి చెప్పగలము?

వాపునకు వైద్యులు స్టిరాయిడు చుక్కలో, కంటిప్రక్కన సూదియో, మాత్రలో ఇత్తురు. మన ఉపమానములో ఇది కుక్కలకు గొలుసు వేయుటవంటిది. ఎప్పుడు వేయవలెనో, ఎంతకాలము వేయవలెనో తెలిసినవారే వేయవలెను.

చేయరానివి

మాత్రలను స్వబుద్ధితో మానరాదు. నడుమ నడుమ మానుచు మ్రింగినచో హెచ్.ఐ.వి. మందునకు లొంగని రకముగా మాఱును. ఒకే పురుగుమందును చాలీచాలక చల్లగా, చావక మిగిలిన పురుగు మొండిదగుట ప్రత్తిచేలలో మీరు చూచినదే.

మందుల దుకాణములో అడిగి కంటిచుక్కలు కొనరాదు. వానిలో స్టిరాయిడు కలిసియుండవచ్చును. ఎఱుపు తగ్గినట్లే కన్పించునుగాని, వైరసు పనిచేయుచున్న కంటిలో నది అగ్గికి ఆజ్యమువంటిది. ఎక్కువకాలము వేసినచో కంటి ఒత్తిడి పెరుగును, శుక్లము వచ్చును. పొరుగువానికి పనిచేసిన చుక్కలు మనకును పనిచేయునని నమ్మరాదు. ఆకుపసరు, ఆముదము, చనుబాలు కంటిలో పోయరాదు.

రోగిని వెలివేయరాదు. హెచ్.ఐ.వి. కన్నీటివలన అంటదు, కలిసి భుజించుటవలన అంటదు, ఒకే పడవలో కూర్చుండుటవలనను, ఒకే కొడవలి పిడి పట్టుటవలనను అంటదు. ఒకరి కీ రోగమున్నదని వారి సమ్మతి లేక బయటపెట్టుట 2017 నాటి చట్టము ప్రకారము నిషిద్ధము. ఆ చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులోనున్నది.

సంఘము చేయదగిన సాయము

మేమెఱిగిన రైతు నలుబది దినములు ఆగుటకు కారణము తెలియకపోవుట యొక్కటియే కాదు. పట్నము పోవుటకు బస్సుచార్జీ లేదు. అది కోతలకాలము, తోడు వచ్చువారు లేరు. ఎవరినైన అడిగినచో కారణము చెప్పవలసివచ్చునను సిగ్గొకటి. ఈ మూడింటిలో ఏదియు వైద్యుడు తీర్చగలది కాదు, ఊరివారే తీర్పవలెను.

సంఘములు తమ సాధారణ నిధినుండి కొంత మొత్తము తీసి, "వైద్యప్రయాణము" అను పేర సభ్యునకు చేబదులుగా నీయవచ్చును. రోగమేదో అడుగక, దవాఖాన చీటీ మాత్రమే చూచి యీయవలెను. కోతలనాడు ఒక సభ్యుడు దవాఖానకు పోయినచో అతని చేనికి తక్కినవారు ఒక దినము బదులుపని చేయవచ్చును. ఈ యాచారము మనకు క్రొత్తది కాదు. సలహా కావలసినవారు 1097 అను నెంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును, పేరు చెప్పనక్కరలేదు.

ఆ రైతు ఇప్పుడును వ్యవసాయము చేయుచున్నాడు. మాత్ర తప్పడు. ప్రతి ఆదివారమును దర్వాజా యెదుట నిలిచి ఒక్కొక్క కన్ను మూసి చూచుకొనును. మిగిలిన చూపుతో విత్తనము ఏఱుకొని, మిగిలిన బలముతో సంఘమున కప్పు తీర్చుచున్నాడు. అతడు పోగొట్టుకొన్న నలుబది దినములు మీలో నెవ్వరును పోగొట్టుకొనకుందురుగాక యని ఈ పాఠమును ముగించుచున్నాము.

సంఘసమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. ఏ.ఆర్.టి. మాత్రలతో ఆరోగ్యము బాగుపడుచుండగా కంటివాపు వచ్చుటకు కారణమేమి? అప్పుడు మాత్రలను మానరాదనుట యేల?
2. మందును వెంటనే ఆపి దవాఖానకు పోవలసిన చిహ్నము లెవ్వి?
3. రెండు కన్నులను వేర్వేఱుగా పరీక్షించుకొనవలెననుట యేల? ఇంటికిపోయి ప్రతివారును చేసి చూడవలెను.
4. మన సంఘమున వైద్యప్రయాణపు చేబదులు ఏర్పఱచుటకు అభ్యంతరము లేవి? రోగి గుట్టు బయటపడకుండ దానిని నడపుట యెట్లు?